చింతపండు పెట్టి తోమిన బాణపు ములుకులు

రాతి ములుకంటే గోరంత ఉంటుంది. వేల ఏళ్ళ కిందట ఎవరో చెకుముకి రాయిని అంచులు దీర్చి చెక్కి, బాణం కొసకు కట్టి వేటాడిన ముక్క. నల్గొండ వైపు మా చెలకల్లో వాన పడ్డాక అవి మట్టిలోంచి బయటపడతాయి. బస్సు డ్రైవరుగా రిటైరై మన్సూరాబాద్‌లో కుదురుకున్నాక, ఎల్బీ నగర్‌లో బస్సెక్కి ఊరికి పోవడం, సంచి నిండా రాళ్ళతో దిగడం మా నాన్నకు పనైపోయింది. కందులు తెస్తాడని ఎదురుచూసే మా అమ్మ ఆ సంచి చూసి తల పట్టుకునేది.

అవి అసలువో కావో తేల్చేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఒక సారు. కోస్తా నుంచి వచ్చి, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన పెద్దాయన. మనిషి ఎంత మెత్తనో రాళ్ళ దగ్గర అంత మొండి. ఒకప్పుడు ఆయన విద్యార్థులే రాయి చెక్కి తెచ్చి ఆయన్ని బురిడీ కొట్టించారట.

"చెక్కడం బాగానే ఉందండీ అన్నగారూ. కానీ పైన పాతబడ్డ పొర ఏదీ కనపడట్లేదు. నిన్న కొట్టినట్టుంది. నేను అసలుదని చెప్పలేను" అనేవారు భూతద్దం దించి. ఏళ్ళ తరబడి ఇదే తీర్పు. రాయిని కాదంటే తనను కాదన్నట్టు నాన్న మొహం వేలాడేసుకుని వచ్చేవాడు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. వాళ్ళిద్దరూ చాయ్ తాగుతూ రాష్ట్రం గురించి గొంతులు చించుకునేవారు. ఆ వాదన ఎప్పుడూ నవ్వుల్లోనే తేలిపోయేది, రాళ్ళ వాదనే తెగేది కాదు. అంతలో గుంటూరులో ఉన్న సారు కూతురు ఈ గొడవలకు భయపడి, వచ్చేయమని పట్టుబట్టింది. ఆదివారం సామాన్ల లారీ వస్తుందని తెలిసిన రోజు నాన్న అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు.

"సారు పోయెలోపల ఒక్కటన్న అసలుదని ఆయన నోట వినాలె బిడ్డా. ఆయన గాకుంటే ఇంకెవలు జెప్పినా నాకు నమ్మకం గుదరది" అన్నాడు.

ఊరి నుంచి తెచ్చిన ములుకు ఇంకొకటి ఉంది. తీసుకుపోదామనుకున్న శనివారం బంద్. మా కాలనీకి నీళ్ళ ట్యాంకర్ రాలేదు. నాన్న రాయి పట్టుకుని బకెట్ దగ్గరికి వెళ్తే అమ్మ అడ్డం నిలబడింది.

"తాగెతందుకే నీళ్ళు లేవు. గీ రాళ్ళకు తానమేంది?"

చేసేది లేక మట్టి రాయినే కాగితంలో చుట్టుకున్నాడు. బస్సులు లేవు, ఆటోలు లేవు. రోజూ హారన్లతో చెవులు చిల్లులు పడే రోడ్డు మీద నాన్నా నేనూ ఇద్దరమే రాజుల్లా నడిచాం. మలుపు రాగానే నాన్న అలవాటు కొద్దీ చెయ్యి పక్కకు చాచి సిగ్నల్ ఇచ్చాడు. వెనక ఒక్క బండీ లేదు. నేను నవ్వుతూ అక్కడే కూలబడ్డాను.

సారు ఇంట్లో పుస్తకాలు అట్టపెట్టెల్లోకి ఎక్కేశాయి. భూతద్దం మాత్రం బయటే ఉంది.

"జర మాఫ్ జెయ్యిన్రి సారూ, మురికిగనే తెచ్చిన. నీళ్ళు లేక తోమలె" అన్నాడు నాన్న.

సారు చూశారు. కిటికీ దగ్గరికి పోయి మళ్ళీ చూశారు.

"ఈ తెల్లటి సున్నపు పొర చూశారా? చెక్కిన గాట్ల లోపల కూడా గట్టిపడి ఉంది. చెక్కాక ఎన్ని వేల ఏళ్ళు మట్టిలో ఉంటే ఇలా పడుతుంది! అన్నగారూ, ఇది అసలుదండీ!"

నాన్న రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇంతలో సారుకు ఏదో తట్టింది. "తోమలేదన్నారేమిటి? మిగతావి తోమారా?"

"తోమకుండ ఎట్ల తెస్త సారూ? పెద్దమనిషి చేతుల వెట్టేది! చింతపండుల నానబెట్టి, కొబ్బరి పీచుతోని పూజ చెంబుల లెక్క మెరిసెదాక తోముత."

"పులుపుకి సున్నం కరిగిపోదూ!" అంటూ సారు నుదురు కొట్టుకున్నారు. ఇన్నాళ్ళూ నాన్న మర్యాద కోసం సాక్ష్యాన్ని కడిగేసి, తళతళలాడే రాయిని తెచ్చి ఆయన చేతిలో పెట్టాడన్నమాట. సారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కాసేపటికి నాన్న కూడా అందుకున్నాడు.

"గట్లయితే కడిగినయన్ని ఖరాబైనట్టేనా సారూ?"

"పొర పోయినా చెక్కిన తీరు ఎక్కడికీ పోదు. దీన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే పోల్చి చూడాలి. తొందరపడి మాత్రం చెప్పను" అన్నారు సారు, తన చుట్టూ ఉన్న పెట్టెల వైపు దిగులుగా చూస్తూ.

వంటగదిలోంచి ఆయన భార్య గిన్నెల మూటతో వచ్చారు. భర్త మొహం చూశారు, మా నాన్న మొహం చూశారు. మూట కింద దించి లారీ అతనికి ఫోన్ కలిపారు.

"రేపు లారీ వద్దు బాబూ. మా ఆయనకి ఇక్కడింకా పనుంది. ఎప్పుడు రావాలో నేనే చెప్తాలే." ఫోన్ పెట్టేసి నాన్న వైపు తిరిగారు. "మీ దగ్గర ఇంకా ఎన్ని రాళ్ళున్నాయండీ?"

"శాన ఉన్నయమ్మా" అన్నాడు నాన్న. "అయిపోతె ఊరికి వోయి మల్ల తెస్త."