గుమ్మానికి కట్టిన వేపమండ

సెక్టర్ 6లో మా పక్క క్వార్టర్ పిన్నిగారు పోయిన నెల కన్నుమూశారు. ఆవిడతో మాకు రక్తసంబంధం లేదు. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చిన మనిషి. సంతాపసభలో నన్ను మాట్లాడమన్నారు. లేచి, నమస్కారం పెట్టి కూర్చున్నాను. పవర్ హౌస్ బజారులో కొట్టు నడుపుకుంటూ రోజువారీ జమాఖర్చులు రాసుకోవడమే నాకు తెలిసిన రాత. అయినా ఆవిడ గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

పొద్దున్న షిఫ్టుకి సైకిళ్లు బయల్దేరే వేళ ఆవిడ గేటు దగ్గర నిలబడేవారు. టిఫిన్ డబ్బా మరిచిపోయినవాణ్ణి కేకేసి వెనక్కి పిలిచేవారు. వీధిలో ఎవరి డబ్బా ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఎవరికి ఏం చేసినా మళ్లీ ఆ ఊసెత్తేవారు కాదు.

మా తమ్ముడు ఇక్కడి స్టీల్ ప్లాంటు ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్. ఆట వల్లే వాడికి ఉద్యోగం, ఉద్యోగం వల్లే మాకు ఆ క్వార్టర్. డెబ్బైల చివర్లో ఒక సెమీఫైనల్లో వాడి మోకాలు మెలిపడింది. ఇంకోసారి అలా జరిగితే జన్మంతా కుంటాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఫైనల్ చూస్తే ఆ వారంలోనే. కొట్టుకి వచ్చినవాళ్లు బేరం మాని నన్నే నిలదీసేవారు. "జీతం దేనికి తీసుకుంటన్నాడు? పట్టీ కట్టుకుని నిలబడలేడేటి?" పక్కనున్న చరోదా నుంచి కూడా మనుషులు సైకిళ్ల మీద వచ్చి, వాడి కాలు చూసి, "వాపు తగ్గిపోయిందే" అని తీర్పు చెప్పి పోయేవారు. వాడు నొప్పికి భయపడలేదు. పిరికివాడంటారని భయపడ్డాడు.

ఫైనల్ రోజు మధ్యాహ్నం డప్పులు వినిపించాయి. వాణ్ణి తీసుకెళ్లడానికి జనం రిక్షా తెస్తున్నారు. నేను వద్దంటున్నా వినకుండా వాడు బూట్లు తొడుక్కుంటున్నాడు. పిన్నిగారు పెరటి దారిన లోపలికి వచ్చారు.

"ఎక్కడికి నాన్నా?"

"జనం ఊరుకోరు పిన్నీ."

"రేపు నువ్వు కుంటితే ఈ జనం వచ్చి నీ కాలు పడతారేటి?"

వాడు తొడుక్కున్న బూటు విప్పి పక్కన పెట్టాడు. ఆవిడ బయటికి వెళ్లి, తన గేటు దగ్గరి వేపమొక్క మండలు విరిచి మా గుమ్మానికి కట్టారు. గడప మీద పసుపునీళ్లు చల్లి, అక్కడే కూర్చున్నారు.

డప్పులు గేటు దగ్గరే ఆగిపోయాయి. ముందు నడుస్తున్న విజయనగరం పెద్దాయన చెప్పులు విడిచి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మోరు పోసిందేటమ్మా?"

"వేపమండ కనపడ్లేదేటి? లోపలికొస్తావేటి?"

"క్యా హువా భయ్యా?" అన్నాడు వెనక ఒక కుర్రాడు.

"మాతా ఆయీ హై" అన్నాడు ఇంకొకడు, చేతులు జోడిస్తూ.

తెలుగువాళ్లు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు, అందరూ దణ్ణం పెట్టుకున్నారు. వాడి కోసం తెచ్చిన దండని అమ్మవారికని గేటుకి వేసి, చప్పుడు చెయ్యకుండా రిక్షా తిప్పుకుని వెళ్లిపోయారు.

మ్యాచ్ ఓడిపోయాం. తమ్ముణ్ణి తిట్టాలంటే అమ్మవారిని తిట్టాలి, అంత ధైర్యం ఎవరికీ లేకపోయింది. తలకి నీళ్లు పోసేదాకా మంచం దిగకూడదని పిన్నిగారు ఆజ్ఞ వేశారు. వీధంతా చూస్తోంది కనక దిగే దారీ లేదు. డాక్టరు చెప్పినా దొరకని విశ్రాంతి వాడి మోకాలికి అలా దొరికింది. తర్వాత ఒకావిడ, "ముఖమ్మీద ఒక్క మచ్చయినా లేదేటి?" అని ఆరా తీసింది.

"అమ్మోరు చల్లగా చూసింది. నీకేటి బాధ?" అన్నారు పిన్నిగారు.

ఆవిడకి మాత్రం ఆ అబద్ధం తేలిక కాలేదు. అప్పటినుంచి ప్రతి వేసవిలో అమ్మవారికి చల్ది అన్నం పెట్టి, ఆ పూట పస్తుండేవారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆవిడ పేరు అడక్కుండా వాడుకున్నానురా. అలిగితే నా మీద అలగాలి గానీ కుర్రోడి మీద కాదు."

తమ్ముడు ఇంకొన్నేళ్లు ఆడాడు. ఇప్పుడు పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి, కన్నవాళ్లు వచ్చి బతిమాలినా మైదానంలోకి రానివ్వడు.

శ్మశానం నుంచి తిరిగొచ్చి వేపాకు కొరికి ఇంట్లోకి వెళ్లడం ఇక్కడివాళ్ల దగ్గర మేమూ నేర్చుకున్నాం. పిన్నిగారిని సాగనంపి వచ్చిన రోజు అందరం ఆవిడ గేటు ముందు ఆగాం. ఆనాటి మొక్క పెద్ద చెట్టయింది. కింది కొమ్మలు కూడా ఎవరికీ అందలేదు. ఒకరు కర్ర కోసం వెళ్లారు. అంతలో తమ్ముడు రెండడుగులు వెనక్కి వేసి, బంతి కోసం ఎగిరినట్టే ఎగిరి మండ అందుకున్నాడు. రెండు కాళ్ల మీదా దిగి, ఆకులు తుంచి ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు.