కఫీల్ కొత్త స్కోపు, నా ముందు సీటు

సౌదీల తబూక్ దగ్గర ఆలుగడ్డ తోటల నా అసలు పని నీళ్ల పంపులు చూసుకునుడు. వారంల ఆరు రోజులు పంపులతోనే ముచ్చట. నేనెంత మంచి జోకు ఏసినా అవి ఒక్కతీరుగనే గుర్రుమంటయి. ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టినోనికి నోరొక్కటే ఆస్తి. ఆ ఆస్తిని డీజిల్ పొగల ఆరబెట్టుకుంట బతుకుతుంటి. శుక్రవారం వచ్చిందంటే మాత్రం నా దశ తిరిగేది. ఆ రోజు నేను కఫీల్ పెద్దబండిల, ముందు సీట్ల, అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి కూసునెటోణ్ణి.

కఫీల్ అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని. గడ్డం నెరిసిన మనిషి, మేమందరం బాబా అంటం. ఆయనకి గురి చూసి కాల్చుడంటే ప్రాణం. వేట కాదు, వేటకి ఇప్పుడు సవాలక్ష నియమాలు. తన సొంత జాగల, గుట్ట ముంగట ఇసుక నింపిన ఇనుప పీపా ఒకటి నిలబెట్టించిండు. దాని నడుమ సున్నంతోని తెల్లబొట్టు. లైసెన్సున్న రైఫిల్, దాని మీద గురి చూసెటందుకు జర్మనీ అద్దాల స్కోపు. ఆ స్కోపుని వాళ్లు దర్బీల్ అంటరు. బాబా దాన్ని తుడిచే తీరు చూస్తే పసిపిల్లకి కాటుక పెడుతున్నడా అనిపించేది.

కాల్చినప్పుడు రైఫిల్ ఎగురుతది కదా, కాల్చినోనికి తూటా ఏడ పడ్డదో కనపడదు. పక్కన ఒకడు బైనాక్యులర్ పట్టుకొని చూసి చెప్పాలె. ముందట ఆ పని తోట మేనేజరుది. ఈజిప్టు మనిషి, మేం ముదీర్ అంటం. బాబా ఎటు కాల్చినా ఆయనది ఒకటే మాట, "మాషాఅల్లా! నట్టనడుమ!"

ఒక శుక్రవారం నేను పీపాకి సున్నం ఏసి వచ్చి చేతులు కడుక్కుంటున్న. బాబాకి ఏం తోచిందో, బైనాక్యులర్ నా చేతిల పెట్టి "సదీక్, నువ్వు చూడు" అన్నడు. సదీక్ అంటే దోస్తు, పనోళ్లను ఆయన గట్లనే పిలుస్తడు. ఢాం అన్నది. చూసిన. నేనేసిన సున్నం పెండ్లిపిల్ల లెక్క నిగనిగలాడుతున్నది. ఎనక గుట్ట మీద దుమ్ము లేస్తున్నది. నాకొచ్చిన అరబ్బీ పంపు రిపేరుకి సరిపోయేంత. ఉన్నదాంతోనే చెప్పిన:

"బర్మీల్ కొయ్యిస్, బాబా. జబల్ మౌత్."

పీపా మంచిగున్నది, గుట్ట చచ్చింది అని. ముదీర్ మొఖం కడిగిన పలక లెక్క అయింది. బాబా రైఫిల్ కింద పెట్టిండు. నన్ను చూసిండు. ముందు పొట్ట కదిలింది, నవ్వు ఆ తర్వాత వచ్చింది. పై శుక్రవారం నుంచి నేను ముందు సీట్ల, ముదీర్ ఎనక సీట్ల, మేం ఆడ తినెటందుకు తెచ్చిన మాంసం గిన్నె పట్టుకొని.

గిట్ల సుఖంగ సాగి, శుక్రవారాల పుణ్యాన నా అరబ్బీ కూడ జర సాఫయినంక, చలికాలంల రియాద్ నుంచి బాబా పెద్దకొడుకు దిగిండు. ఆయన ఇంజినీరు. "ఈ పాతది ఎన్ని రోజులు, నాన్నా? కొత్త రకం స్కోపులొచ్చినయి" అని ఫోన్ల చూపిచ్చిండు. దూరం అదే కొలుస్తదట. గాలి లెక్క కూడ కడుతదట. కాల్చిందంతా వీడియో తీసి, తూటా ఏడ పడ్డదో మళ్ల మళ్ల చూపెడుతదట.

తూటా ఏడ పడ్డదో చెప్పుడే కదా నా కొలువు!

రూముకొచ్చి మా వంట కాకకు చెప్పిన. కాకది మా జగిత్యాల దిక్కే, నాకన్న పెద్దోడు, నా బాధ మీద ఎన్నడూ జాలి పడలేదు.

"అయితే ఇగ ఆడ నీకేం పనిరా?" అన్నడు ఉల్లిగడ్డ కోసుకుంట.

"అదే కదా కాకా నా గోస."

"ముదీర్ పక్కన కూసో. గిన్నె ఒకడు, మూత ఒకడు పట్టుకోండ్రి."

"నవ్వకు కాకా. గా ఒక్క పూట నవ్విస్తనే కదా నేను మనిషి లెక్క ఉండేది."

కాక కత్తి పక్కన పెట్టిండు. "సరే, ఒకటి చెయ్యి. ముసలాయన టైరు కొనాలన్నా చాయ్ పోసెటోణ్ణి కూడ అడుగుతడు కదా? నిన్నూ అడుగుతడు. కొత్తదాంట్ల చూస్తే కండ్లు గుంజుతున్నయి, తలకాయ నొస్తున్నదను. కొనుడు ఇడిసిపెడుతడు."

మంచి సలహా. శుక్రవారం దాకా నడుచుకుంట, పంపు తిప్పుకుంట "తలకాయ నొప్పి, తలకాయ నొప్పి" అని అరబ్బీల పాఠం చదివిన. బడిల గంత చదివి ఉంటే కలెక్టరునయ్యేటోణ్ణి.

ఆ రోజు రెండు రైఫిళ్లు బల్ల మీద పెట్టిండ్రు. ఒకదాని మీద పాత స్కోపు, ఇంకోదాని మీద కొత్తది. కొత్తదాన్ని దుకాణపోళ్లు వారం రోజులు వాడి చూడమని ఇచ్చిండ్రట. బాబా అడుగుడు మొదలుపెట్టిండు. ముదీర్ కొత్తదాని మూత కూడ తియ్యకముందే "బ్రహ్మాండం, బాబా" అన్నడు. తర్వాత నా వంతు.

పాతదాంట్ల చూసిన. గుట్ట మీద మేక ఒకటి ముండ్లకంపను నములుతున్నది. దాని గడ్డం ఎంట్రుకలు గాలికి ఊగుడు కూడ కనపడ్డది. అద్దం ఉన్నదా లేదా అన్నట్టు ఉండె. కొత్తదాంట్ల చూసిన. లోపల చిన్న టీవీ, మూలమూలకు అంకెలు. మేక అయితే ఉన్నది గని, పాస్‌పోర్టు ఫోటోల ఉన్నట్టు ఉన్నది.

"ఏమంటవు, సదీక్?"

తలకాయ నొప్పి నాలుక కొసకొచ్చింది. ఎనక నుంచి ముదీర్ ఇంకోసారి "బ్రహ్మాండం" అన్నడు. నాకు ఆడనే బ్రేకు పడ్డది. ఇద్దరం ఆయనకు నచ్చేదో మాకు పనికొచ్చేదో చెప్పుకుంట కూసుంటే, ముందు సీటుకూ ఎనక సీటుకూ తేడా ఏమున్నట్టు?

"బాబా, పాతదాంట్ల మేక అందం కనపడుతది. కొత్తదాంట్ల నీ తప్పు కనపడుతది. గురి కావాల్నంటే కొత్తదే మంచిది" అన్న. నా ముందు సీటుకు నేనే ఎసరు పెట్టుకున్న.

బాబా 'ఊఁ' అని, కొత్తదాని ఎనక పండుకొని కాల్చిండు. తప్పింది. నా దుఃఖం నాకున్నా నోరు ఊకోదు కదా. "ఆ తూటాకు ఇకామా లేనట్టుంది బాబా. పీపా దగ్గర పోలీసులున్నరనుకొని పక్కపొంటి పోయింది." ఇకామా అంటే మా అసొంటోళ్లను ఆ దేశంల ఉండనిచ్చే కార్డు.

మళ్ల కాల్చిండు. మళ్ల తప్పింది. "పీపా ఎగ్జిట్ వీసా కొట్టించుకొని ఊరికి పోయిందేమో అనుకున్న బాబా. లేదు, ఆడనే ఉన్నది, నీకు సలాం చెప్తున్నది."

మూడోది బొట్టు నడుమ తగిలింది. బాబా లేచి చిన్నపిల్లగాడి తీరు చేతులెత్తిండు. ఆ వీడియో మొత్తం అన్నదమ్ముల వాట్సాప్ గ్రూపుకు ఆయనే పంపుకున్నడు. ఆ స్కోపు బొమ్మతో పాటు మాటలు కూడ పట్టుకుంటదని ఆయనకు తెల్వదు, నాకసలే తెల్వదు. కొడుక్కి తెలుసట. చెప్పలేదు.

తెల్లారి ముదీర్ పంపు కాడికొచ్చిండు. పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నడు. "బాబా పిలుస్తున్నడు. మజ్లిస్‌కు రా. అన్నదమ్ములందరు వచ్చిండ్రు. నీ మాటలు అందరు ఇన్నరు."

కాక మా రూము గుమ్మంల నిలబడి, "పోయిరా బిడ్డా. నీ కంబళి నేను తీసుకుంట మరి" అన్నడు.

మజ్లిస్‌ల, అంటే వచ్చినోళ్లు కూసునే పెద్ద హాల్ల, గోడంత టీవీ. దాంట్ల నా గొంతు, తడిసిన కోడిపుంజు కూసినట్టు: "ఇకామా లేనట్టుంది బాబా..." చుట్టూ తెల్లగడ్డాలు ఊగుతున్నయి. ఒకాయన తలగుడ్డ కొంగుతోని కండ్లు తుడుసుకుంటున్నడు. బాబా ఒక్కడే నవ్వుతలేడు. ఇంటి పెద్దల నడుమ, తన పనోడు తనను ఎక్కిరిచ్చుడు టీవీల చూసుకుంట కూసున్నడు. నేను తివాచీ మీది పూలను చూసుకుంట నిలబడ్డ. ముందు సీటు సంగతి ఇడువుండ్రి, తోటల ఉంటనో లేదో తెల్వదు.

అందర్ల పెద్దాయన నన్ను చూసి, "ఈ నోరు నీదేనా?" అన్నడు.

"దేవుడిచ్చిండు, పెద్దబాబా. వాపసు తీసుకోమంటే ఇంటలేడు."

పెద్దాయన బాబా దిక్కు తిరిగిండు. "ఇగ కొత్త దర్బీల్ అన్నీ చెప్తదంటివి. వీడెందుకు నీకు? వీని వీసా కఫాలా నా పేరు మీదికి మార్పిచ్చి నాకియ్యి. నా కాడ రైఫిల్ ఉన్నది, మెచ్చుకునెటోళ్లు ఇంటినిండ ఉన్నరు. తప్పిందని చెప్పెటోడే లేడు."

బాబా కాఫీ గిన్నె ఠక్కున కింద పెట్టిండు. "దర్బీల్ కావాల్నా, తీసుకపో. రైఫిల్ కూడ తీసుకపో. వీడు నా బండిల కూసుంటడు." నా దిక్కు ఏలు చూపిచ్చి, "నువ్వు. తగిలినప్పుడు మాషాఅల్లా జర తొందరగ అను. నిన్న ఆలస్యం చేసినవు" అన్నడు.

"తగులుతదని నేననుకోలేదు, బాబా."

అప్పుడు కదిలింది ఆయన పొట్ట. "మొదటి సంది పెట్టుండ్రి" అన్నడు టీవీ దిక్కు చూసి. నేను బయటికొచ్చేసరికి చెప్పులు కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి తొడుక్కున్న. నవ్వుకుంట గట్లనే పంపుదాక నడిచిన.

కొత్తది కొన్నడు. అన్నదమ్ములు వారం వారం వీడియో కావాలని పట్టుబడితే ఇంకేం చేస్తడు? జర్మనీదాన్ని అమ్మలేదు, రెండో రైఫిల్ మీద ఉంచిండు. చాయ్ కాగేదాక నేను దాంట్ల మేకలను చూస్త.

కొన్నంక మొదటి శుక్రవారం సంగతి చెప్పాలె. స్కోపు పక్కన ఎర్ర లైటు ఎలిగింది. "మాట్లాడు, అందరు ఎదురుచూస్తున్నరు" అన్నడు బాబా. ఢాం. తప్పింది, శానా తప్పింది. నేను నోరు తెరిచిన. గాలి తప్ప ఏం రాలే. ఇంతమంది ఇంటరనుకునేసరికి గొంతుల సున్నం పోసినట్టయింది. బాబా నవ్వి, ఎర్ర లైటు దిక్కు మొఖం పెట్టి, "అన్నలారా, ఇవాళ గురి తప్పింది నాది కాదు, ఈ హిందుస్తానోనిది" అన్నడు.

గప్పుడు ఎనక నుంచి ముదీర్ గొంతు సవరించుకున్నడు. "తప్పింది, బాబా. ఎడమ దిక్కు, శానా దూరం."

ముదీర్ తప్పిందనుడు! బాబా తల తిప్పి ఆయనను కొత్త మనిషిని చూసినట్టు చూసిండు. నేను ఉలిక్కిపడ్డ. సున్నం గిన్నం అన్నీ జారిపోయినయి.

"ఎడమ కాదు, కుడి!" అని ఒర్రిన. "బాబా, నీకు అద్దం మార్చినం, మంచిగైంది. ఇగ ముదీర్‌కు కండ్లు మార్పియ్యాలె, రియాద్‌ల కొడుక్కు ఫోన్ కొట్టు!"