రత్నమణి హస్తవాసి

ఉక్కునగరం ఆరో సెక్టారులో రత్నమణి పేరుగల ఆడవాళ్ళు ఎందరైనా ఉండవచ్చు గాని, మంచి చెయ్యి రత్నమణి అంటే ఒక్కతే. పాతికేళ్ళు నర్సుగా చేసింది. ఆవిడ సూది వేస్తే చీమ కుట్టినట్టైనా ఉండదనేవారు. డాక్టరును చూసి గుక్కపట్టి ఏడ్చే పిల్లలు ఆవిడ ఒళ్ళోకి రాగానే ఊరుకునేవారు. మోకాళ్ళు అరిగిపోయి ఉద్యోగం మానేశాక ఆ పేరు కాస్తా పెరటి మీదికి మళ్ళింది. కింది అంతస్తు క్వార్టరు కాబట్టి వెనక నాలుగు మడులకు సరిపడా జాగా ఉంది. అందులో ఆవిడ ఏది పాతితే అది బతికేది. భర్త రత్నరాజు స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మా ఆవిడ గొడుగు కర్ర పాతినా కాయలు కాస్తాదని క్యాంటీన్లో అందరికీ చెప్పుకునేవాడు.

పొగడ్త కూడా కాఫీ లాంటిదే. అలవాటైతే పూట తప్పినా తలనొప్పి వస్తుంది. ఆ అలవాటు తనకు ఎంత ముదిరిపోయిందో రత్నమణికి చాలాకాలం తెలియలేదు.

ఆర్టిచోక్ అనే దాన్ని ఆవిడ మొదటిసారి చూసింది రుషికొండ దగ్గర ఒక హోటల్లో, బంధువుల పెళ్ళి విందులో. పచ్చి సీతాఫలానికి తామరమొగ్గ పోలికలు వచ్చినట్టుంది. ఉడకబెట్టి, రేకులు ఒక్కొక్కటే పీకి, అడుగున అంటుకున్న కాస్త కండనీ పంటితో గీరుకుని తినాలట. ములక్కాడ నమలడానికి ఇంత వైభవం ఎందుకని రత్నరాజు విసుక్కున్నాడు. రత్నమణి మాత్రం ఇంటికి రాగానే ఆన్‌లైన్లో విత్తనాలు తెప్పించింది. విశాఖలో ఇంకెవరి పెరట్లోనూ అది లేదని ముందే విచారించుకుంది. అసలు సంగతి అదే.

మొదటి ఏడాది ఆకులే వచ్చాయి. బీడు భూముల్లో మొలిచే బ్రహ్మదండిని పదింతలు చేసి బూడిద చల్లినట్టు, నడుమెత్తున బూడిదరంగు ముళ్ళాకులు. మొగ్గ అన్న మాట లేదు. ఏప్రిల్ ఎండకు అవీ మాడిపోయాయి. రత్నమణి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాసిన కాయను పదిమందికీ చూపించడమే గాని, కాయని మొక్కను ఎవరికైనా చూపించిన మనిషి కాదు. చలి తగలకపోతే ఈ మొక్క మొగ్గ తొడగదని తర్వాత ఎక్కడో ఒక వీడియోలో చూసింది. మన ఊళ్ళో చలి దానికి ఏ మూలకూ చాలదు. అలాంటి చోట్ల నారును రెండు వారాలు ఫ్రిజ్జులో ఉంచి, ఆ తర్వాత నేలలో నాటాలట. రెండో ఏడాది నారు ట్రేని కవరులో చుట్టి దోసెల పిండి పక్కన పెట్టింది. మాంసం పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయిందని రత్నరాజు ఆ రెండు వారాలూ సణుగుతూనే ఉన్నాడు. ఫిబ్రవరిలో అయిదు మొగ్గలు వచ్చాయి.

ఊళ్ళో మిద్దె తోటల వాళ్ళ బృందం ఒకటుంది. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలుస్తారు. ఒకరికి కాసింది మరొకరికి కాయకపోతే, కాయించినవాళ్ళు కిటుకు చెప్పి, విత్తనాలు పంచిపెట్టాలి. అది వాళ్ళ కట్టుబాటు. బృందాన్ని నడిపే అనూరాధ ఆ ఆదివారం ఇరవై మందిని వెంటబెట్టుకుని ఆరో సెక్టారుకు వచ్చింది. అందరూ మొక్కచుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నారు. రహస్యం ఏమిటో చెప్పమని అనూరాధ అడిగింది. ఫ్రిజ్జు అన్న మాట రత్నమణి నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఫ్రిజ్జు ఎవరింట్లో లేదు? చెప్పేస్తే వచ్చే ఏటికి ఇరవై మేడల మీదా ఆర్టిచోకే.

"రహస్యం ఏటుందమ్మా. అంతా హస్తవాసి" అంది నవ్వుతూ.

అందరూ చప్పట్లు కొట్టారు. చర్చిలో ప్రతి ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఆవిడ. చెయ్యి మంచిదనీ, కన్ను చెడ్డదనీ అనుకోవడం గుడ్డినమ్మకమని ఆ పిల్లలకు తనే చెప్పింది. ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. వచ్చినా ఆపి ఉండేది కాదేమో.

విత్తనాలు అడిగినవాళ్ళలో పట్టు వదలకుండా పెంచింది తబస్సుమ్ ఒక్కతే. వన్‌టౌన్ పాత వీధుల్లో ఇల్లు. పెళ్ళికూతుళ్ళ చేతులకు గోరింటాకు పెట్టడం ఆమె పని. తల్లి దగ్గర నేర్చుకుంది. హార్బరు నుంచి తెచ్చుకున్న చేపల థర్మాకోల్ పెట్టెల్లో మట్టి నింపి మేడంతా పచ్చగా చేసుకుంది. వయసులో పదిహేనేళ్ళు చిన్నది. రత్నమణిని నోరారా అక్కా అని పిలిచేది. రత్నమణి ఆమెకు పన్నెండు విత్తనాలు కాగితంలో మడిచి ఇచ్చింది. మట్టి ఎలా కలపాలో, ఎరువు ఎప్పుడు వెయ్యాలో, పేనుబంక పడితే వేపనూనె ఎంత కొట్టాలో ఓపిగ్గా చెప్పింది. ఒక్క మాటే మింగేసింది. ఇచ్చినవి మంచి విత్తనాలే, చెప్పినవన్నీ నిజాలే అని తర్వాత చాలాసార్లు తనకు తనే సర్దిచెప్పుకుంది.

తర్వాతి చలికాలమంతా తబస్సుమ్ నుంచి రోజుకో ఫోటో. పోర్టు వైపు నుంచి గాలికి వచ్చి పడే బొగ్గు దుమ్మును ప్రతి ఉదయం తడిగుడ్డతో ఒక్కో ఆకునూ తుడిచేదట. ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు పుళ్ళయితే గోరింటాకు కోను పట్టుకోవడం కష్టమైందని నవ్వుతూ ఒకసారి చెప్పింది. ఇక్కడ రత్నమణి పెరట్లో ఎనిమిది మొగ్గలు వచ్చాయి. అక్కడ ఒక్కటీ లేదు. మార్చి దాటింది. తానేం తప్పు చేసిందో చెప్పమని తబస్సుమ్ ఫోను చేసి అడిగింది.

అప్పుడైనా చెప్పవచ్చు. ఏడాది ఆగాక చెప్పడం ఇంకా కష్టం, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది కదా. "ఒక్కో సెయ్యికి ఒక్కోటి రాదులే తబస్సుమ్. దానికేటి" అనేసింది రత్నమణి. తబస్సుమ్ సరేనక్కా అని ఫోను పెట్టేసింది.

మే నెలాఖరు ఆదివారం బృందం ద్వారకా నగర్‌లో అనూరాధ ఇంట్లో కలిసింది. తబస్సుమ్ రెండు పెద్ద సంచులతో వచ్చింది. వాటిలో ఆమె విత్తనాల డబ్బాలు, తవ్వుగోల, పిచికారీ డబ్బా ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి, నేను మొక్కలు మానేశాను అంది. ఎండలకు విసుగొచ్చి ఉంటుందిలే అనుకుంది రత్నమణి. ఆవిడ తొందరలో ఆవిడ ఉంది. కూతురు స్టెఫీ పెళ్ళి జూన్ మొదటి వారంలో. గోరింటాకు నువ్వే పెట్టాలి తబస్సుమ్ అని అడిగింది.

తబస్సుమ్ తల అడ్డంగా ఊపింది. కారణం చెప్పకుండా తప్పించుకోవాలని చూసింది గాని, రత్నమణి వదల్లేదు.

"నా సెయ్యి మంచిది కాదక్కా" అంది చివరికి, నేలకేసి చూస్తూ. "మీ అమ్మాయి బాగుండాల. ఇంకెవర్నన్నా పిలువు."

మిగతాది అనూరాధ చెప్పింది. కిందటేడు తబస్సుమ్ గోరింటాకు పెట్టిన ఒక పిల్ల పెళ్ళి, ముహూర్తానికి రెండు రోజుల ముందు ఆగిపోయింది. పెట్టిన చెయ్యిదే దోషమని వీధిలో ఒకావిడ అంటే తబస్సుమ్ నవ్వి ఊరుకుంది. మొక్క కాయకపోయాక మాత్రం ఆ నవ్వు పోయింది. అంత మంచి చెయ్యిగల రత్నమణక్కే అంది, నా చేతికి రాదని, అని అందరితోనూ అంటోందట. ఈ సీజనులో నలుగురు పెళ్ళికూతుళ్ళను వెనక్కి పంపేసింది. గుమ్మం పక్కన బోర్డు కూడా తీసేసింది.

రత్నమణి బస్సులో కూర్చుంది గాని ఇల్లు ఎలా చేరిందో తెలియదు. పేషెంటుకు మందు మార్చి ఇచ్చేసినప్పుడు నర్సుకు ఎలా ఉంటుందో అలా ఉంది. పాతికేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా అలాంటి పొరపాటు చెయ్యలేదు. ఇది పొరపాటు కూడా కాదు, చూసి చూసి చేసిన పని. సిగ్గుతో అన్నం దిగలేదు. ఏమైందని రత్నరాజు అడిగితే ఎండదెబ్బ అంది. అదీ అబద్ధమే.

ఇంత సిగ్గులోనూ ఆవిడ బుర్ర మొదట వెతికింది తప్పించుకునే దారినే. ఈసారి నారు తనే పోసి, ఫ్రిజ్జులో ఉంచి, తీసుకెళ్ళి తబస్సుమ్ చేత నాటిస్తే సరి. మొగ్గలు వస్తాయి, చెయ్యి మంచిదని తేలుతుంది, తన సంగతి బయటపడదు. ఎంత చక్కగా కుదిరిందో అనుకుంది ఒక క్షణం. కాని ఆ మొగ్గలు వచ్చేది వచ్చే ఫిబ్రవరికి. అప్పటిదాకా తబస్సుమ్ ఇంకెందరు పెళ్ళికూతుళ్ళను గుమ్మంలోంచి పంపేస్తుంది? ఇంకా అబద్ధంతోనే బాగుచెయ్యాలని చూస్తున్నందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మంగళవారం పొద్దున్నే రెండు బస్సులు మారి వన్‌టౌన్ వెళ్ళింది. తబస్సుమ్ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. మట్టి దులిపేసిన థర్మాకోల్ పెట్టెలు ఒక మూల బోర్లించి ఉన్నాయి. ఇంత ఎండలో వచ్చావేమిటక్కా అని కుర్చీ వేసి, కిందికి పరుగెత్తి టీ పట్టుకొచ్చింది. రత్నమణి టీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టింది.

"నీ సెయ్యిది కాదు తబస్సుమ్" అంది. "ఆ నారుని రెండు వారాలు ఫ్రిజ్జులో పెట్టాల. అప్పుడే మొగ్గొస్తాది. నాను పెట్టాను. నీకు సెప్పడం మర్సిపోయాను."

తబస్సుమ్ ముందు నవ్వింది. మొక్కల్ని ఫ్రిజ్జులో పెట్టడం ఎక్కడైనా ఉందా అంది. తర్వాత ఆమె కళ్ళు చెమర్చాయి. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని రత్నమణి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నా మనసు కుదుటపడాలని ఎంత దూరం వొచ్చి ఎంత కథ సెప్తన్నావక్కా. నీలాటోళ్ళు ఉంటారేటి ఈ రోజుల్లో."

రత్నమణికి ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఇన్నేళ్ళ మంచిపేరు ఆఖరికి ఇందుకు పనికొచ్చింది, నిజం చెప్పినా దయ అనుకుంటున్నారు. లేచి ఇంటికి వెళ్ళిపోవచ్చు. చెప్పాల్సింది చెప్పాను, ఆమె నమ్మలేదు, నేనేం చేసేది అనుకోవచ్చు. తప్పించుకునే దారి అంత బార్లా తెరిచి ఉంది. కాని నమ్మకపోవడానికి కారణం ఏమిటో ఆవిడకు తెలుసు. తన మాటలో సగమే నిజం. మర్చిపోయానన్నది నిజం కాదు.

"మర్సిపోలేదు" అంది. "కావాలనే సెప్పలేదు. నీకూ కాసీసిందంటే నాకు ఇంకేటి మిగుల్తాది అనుకున్నాను. నువ్వు ఫోటో పంపినప్పుడల్లా మొగ్గుందా లేదా అని సూసీదాన్ని. లేకపోతే హాయిగా ఉండీది."

మోకాలి మీది చెయ్యి అక్కడి నుంచి మెల్లగా తొలిగింది.

"ఒక్కో సెయ్యికి ఒక్కోటి రాదన్నావ్" అంది తబస్సుమ్. "అప్పుడు కూడా నీకు తెలుసునా?"

"తెలుసు."

ఇప్పుడు తబస్సుమ్ నమ్మింది. ఆ సంగతి ఆమె మొహంలోనే కనిపించింది. తిడుతుందేమో, తిడితే బాగుండునని రత్నమణి ఎదురుచూసింది. తిట్టలేదు. లేచి, బకెట్టులో మిగిలిన బట్టలు ఒక్కొక్కటే పిండి ఆరేసింది. చివరి చీర అంచు సరిచేశాక వెనక్కి తిరిగింది.

"స్టెఫీని గురువారం పంపించు. పెడతాను. నువ్వు మాత్రం రాకక్కా."

రత్నమణి తలూపింది. మెట్లు దిగుతుంటే ఆఖర్న వినిపించిన అక్కా అన్న పిలుపే ఎక్కువ బాధపెట్టింది. కోపంలో కూడా ఆ పిల్ల మర్యాద మానలేదు.

గురువారం స్టెఫీ స్నేహితురాలితో కలిసి వన్‌టౌన్ వెళ్ళింది. ఇంటినిండా చుట్టాలు. కూతురికి గోరింటాకు పెడుతుంటే తల్లివి పక్కన ఉండకుండా ఇక్కడేం చేస్తున్నావని ఆడపడుచు అడిగింది. మోకాళ్ళ నొప్పులని చెప్పబోయి రత్నమణి ఆగిపోయింది. తబస్సుమ్ తనను రావద్దందని చెప్పింది. ఎందుకట అని ఆడపడుచు నిలదీసింది. వంటింట్లో మరో ఇద్దరు బంధువులు ఓ చెవి ఇటు పడేశారు. రత్నమణి చేతిలో ఉల్లిపాయ కింద పెట్టి, విత్తనాలు ఇచ్చిన దగ్గర నుంచి జరిగింది జరిగినట్టు అందరికీ వినబడేలా చెప్పింది. ఆడపడుచు ఆ ఉల్లిపాయ అందుకుని, మిగతా కూర తనే తరగడానికి రత్నమణి ముందున్న కత్తిపీట తన ముందుకు లాక్కుంది.