బూటు అడుగున చెక్కిన బడి గేటు

చూ బొక్‌సిమ్‌కి కవిత్వమంటే గిట్టదు. అయినా మా ఆడపిల్లల హైస్కూలు పత్రికకి వచ్చిన ప్రతి కవితనీ అందరికంటే ముందు లాక్కుని చూసేది అదే. చూసేది కవితని కాదు, దాని కింద మిగిలే ఖాళీని. ఆ ఖాళీలో ఒక గవ్వో, వలో, వానకి తిరగబడిన గొడుగో వేయడం దాని పని. పత్రికకి సంపాదకురాలిని నేను. నా కవిత చేతికందగానే, "మిరాన్, ఇంకో నాలుగు లైన్లు కొట్టేయవే, నా పడవ పట్టడంలేదు" అనేది. నాకు ఒళ్లు మండేది. మండుతూనే కొట్టేసేదాన్ని. చదివినవాళ్లంతా చివరికి పడవ బాగుందనే అనేవాళ్లు.

బొమ్మలన్నీ రబ్బరు పలక మీద చెక్కేది. ముందు కాగితం మీద గీసి, దాన్ని పలక మీద బోర్లా వేసి గోటితో రుద్దాలి. అప్పుడు బొమ్మ కుడి ఎడమై దిగుతుంది. దాన్ని చెక్కి, సిరా పూసి ఒత్తితే మళ్లీ సరిగ్గా వస్తుంది. మేము చెక్కితే ఎప్పుడూ ఏదో ఒకటి తలకిందులయ్యేది. బొక్‌సిమ్ చేతిలో మాత్రం ఒక్కసారి కూడా తప్పు దొర్లలేదు.

మేము రెండో ఏడులో ఉండగా, ఏప్రిల్లో, వాళ్ల నాన్న ఎక్కిన పడవ మా యోసు రేవుకి తిరిగి రాలేదు. ఇంటికి పెద్దది అదే, వెనక ముగ్గురు తమ్ముళ్లు. మా రోజుల్లో అలాంటి ఇంట్లో ఏం జరుగుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. తమ్ముళ్లు బడిలోనే ఉన్నారు, అది పుసాన్ నగరానికి పడవెక్కి అక్కడి కాన్వాస్ బూట్ల ఫ్యాక్టరీలో చేరింది. వెళ్లే రోజున తన యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, మా క్లాసులో ఇంకెవరికైనా పనికొస్తుందని ఇచ్చి వెళ్లింది. అది అందరికంటే పొడుగు, ఆ యూనిఫాం ఎవరికీ సరిపోలేదు.

అక్కణ్నించి ఉత్తరాలు రాసేది. తన పని గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. "కిటికీ పక్కన నా చోట ఎవరు కూర్చుంటున్నారు? క్లాసులో చలిపొయ్యి ఇంకా పొగ చిమ్ముతోందా? తేసుక్ లెక్కల్లో ఇంకా ఏడుస్తోందా?" ఇవే అడిగేది. పొయ్యి గురించి అంత బెంగ పెట్టుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఆ ఏడు పత్రికలో కవితల కింద ఖాళీలు ఖాళీలుగానే మిగిలాయి, బోడి గుండులా.

మూడో ఏడు, అంటే మా ఆఖరి సంచికకి, నేను పట్టుబట్టాను. "బొమ్మలు చెక్కి పంపు, మాస్టార్ని నేను చూసుకుంటా" అని రాశాను. అది పంపింది. రబ్బరు కొనలేక, ఫ్యాక్టరీలో పారేసిన బూట్ల అడుగు ముక్కల మీద చెక్కింది. పుసాన్ పడవలో వచ్చిన పొట్లం విప్పితే గది నిండా జిగురు వాసన. వాటిలో అన్నిటికంటే పెద్దది మా బడి గేటు.

పత్రిక చూసే యొమ్ మాస్టారు పొట్లాన్ని ముట్టుకోనైనా లేదు. "బడి మానేసిన పిల్లమ్మా. పత్రికలో ప్రతి పేరు పక్కనా తరగతి వేస్తాం. ఈ అమ్మాయి పేరు పక్కన ఏం వేయమంటావు?"

"పేరు లేకుండా వేద్దాం సార్."

"పేరు లేకుండా ఒకరి కష్టం వాడుకోవడం దొంగతనం. పేరుతో వేస్తే హెడ్మాస్టారు నా మెడ విరుస్తారు. గేటు బయటివాళ్లని నేను లోపలికి తేలేను, పో."

ఆయన చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఆ సాయంత్రం గేటు బొమ్మకి సిరా పూసి తేసుక్, నేను ఒత్తి చూశాం. ఒక స్తంభం, సగం తెరిచిన తలుపు, పక్కన పైన్ చెట్టు, దాని కింద వీపు చూపిస్తూ ఒక పొడుగాటి పిల్ల. తలుపుకి అవతల అంతా తెలుపే, మా ఊరి సముద్రపు పొగమంచు.

తేసుక్ నవ్వింది. "ఒసేయ్, చెట్టు ఎడం పక్కన వేసిందే! బడికొస్తుంటే కుడి పక్కన కదా ఉండేది? అప్పుడే మర్చిపోయిందా?"

"నోర్ముయ్. అది మర్చిపోతుందా?" అని కసిరాను గానీ, నాకూ మనసు చివుక్కుమంది. చూస్తూ చూస్తూ ఉంటే తట్టింది. స్తంభం మీద బడి పేరు పలక లేదు. పలక ఉండేది బయటివైపు. బయటికి వెళ్లేటప్పుడైతే చెట్టు ఎడం పక్కనే!

మర్నాడు ఆ కాగితం మాస్టారి ముందు పెట్టాను. "గేటు బయటివాళ్లన్నారు కదా సార్. ఎక్కడ నిలబడి ఉందో మీరే చూడండి."

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకుని చూశారు. కిటికీలోంచి గేటు వైపు చూశారు. ఆఖరికి కలం తీసి బొమ్మ కింద రాశారు: మూడో ఏడు, చూ బొక్‌సిమ్.

"హెడ్మాస్టారు అడిగితే సార్?"

"లోపలే ఉంది కదా అంటాను. నువ్వు పో, ముందు నీ కవిత పొడుగు తగ్గించు."

పత్రిక అచ్చయ్యాక పుసాన్‌కి పంపాం. మెచ్చుకుంటూ ఉత్తరం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆ తర్వాత ఉత్తరాలే తగ్గిపోయాయి.

ఇప్పుడు బొక్‌సిమ్‌కి పుసాన్ బజారులో ముద్రలు చెక్కే చిన్న కొట్టుంది. ఇల్లు కొన్నా, పెళ్లి రాయించుకున్నా సంతకానికి బదులు పేరు ముద్ర కావాలిగా. ఊళ్లో వాళ్ల పేర్లన్నీ తిరగేసి చెక్కుతూ ముసలిదైపోయింది. కిందటి నెల వెళ్లాను. వేడి వేడి చేపముద్దల పులుసు తాగుతూ, ఇన్నేళ్లుగా కడుపులో ఉన్నది అడిగేశాను.

"అంత బొమ్మ అచ్చేయిస్తే ఒక్క ముక్క రాయలేదేమే, పొగరా?"

"ఏం రాయను? తప్పు చేశాను కదే."

"ఏం తప్పు?"

"పడవకి వేళయిపోతోందని కంగారులో కాగితం బోర్లా వేయడం మర్చిపోయా. బొమ్మ చూస్తూ రబ్బరు మీద తిన్నగానే గీసేశా."

"మరి పేరు పలక?"

"అక్షరాలు చెడితే రెండో ముక్క లేదని మానేశా."

"అంటే నువ్వు గీసింది…"

"బయటినించే. నాన్న మొదటి తిథికి వచ్చా కదా, అప్పుడు. పొద్దున్నే మంచు. ఆ చెట్టు కింద నిలబడ్డా. లోపల మీరు పాఠం చదువుతున్నారు, నీ గొంతే పైకి వినబడుతోంది."

"లోపలికి రావచ్చు కదే!"

"ఫ్యాక్టరీ బట్టల్లోనా? ఏ మొహం పెట్టుకుని?" అని గిన్నె పక్కన పెట్టింది. "గంట కొట్టేదాకా ఉండి వెళ్లిపోయా."

నాకు ఏడుపొచ్చింది. నేనంత గొంతు చించుకుని చదివిన ఆ రోజు కిటికీ వైపు ఒక్కసారి తల తిప్పి ఉంటే చాలు. బొక్‌సిమ్ నా వైపు చూడలేదు. సొరుగు లాగి, అడుగునుంచి నల్లటి రబ్బరు ముక్క తీసింది. అచ్చయ్యాక నేనే దానికి తిప్పి పంపిన గేటు.

"ఇదిగో చూడు. రబ్బరులో చెట్టు కుడి పక్కనే ఉంది. ఇందులో నేనింకా బయటే."

ముద్రలకి వాడే ఎర్ర సిరా దాని మీద అద్దింది. తెల్ల కాగితం మీద పెట్టి, రెండు అరచేతులూ ఆనించి, ఒళ్లంతా బరువేసి ఒత్తింది.

"మరి కాగితం మీద?" అన్నాను.

"ఉండవే, ఇంకాస్త ఒత్తనీ," అంది.