అడ్డం బాబాయ్ గుమ్మం

కారునైతే అద్దంలా ఉంచుతాడు గానీ, పార్కింగులో తెల్లగీతలంటే ఆ డ్రైవరుకి బొత్తిగా లెక్కలేదు. ఊరు చూడ్డానికొచ్చిన వాళ్లను మహలూ మ్యూజియమూ తిప్పి, చివరికి కోట దగ్గరికి తెస్తాడు. అక్కడ జాగా ఎంత ఖాళీగా ఉన్నా సరే, మూలనున్న పాత కుళాయి పక్కకే పోయి, గీతల మీద అడ్డంగా నిలబెడతాడు. ముందుకో జానెడు, వెనక్కో జానెడు జరిపి, మనసుకు కుదిరాకే ఇంజను ఆపుతాడు. అందుకే తోటి డ్రైవర్లు అతనికి అడ్డం బాబాయ్ అని పేరు పెట్టారు.

ఇవాళ కొత్తగా చేరిన కాపలావాడు ఈల ఊదుకుంటూ వచ్చి పడ్డాడు.

"ఏం పెద్దాయనా, కళ్లు కనిపించట్లేదా? గీతల మధ్య పెట్టు. లేదంటే చక్రానికి తాళం వేస్తా."

బాబాయ్ తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు. "వేసుకో. ఈ పార్కింగు కోసం పడగొట్టిన ఇళ్లలో మాదొకటి. మా ఆవిడ రోజూ బిందె పెట్టిన కుళాయి అదిగో. ఇది మా ముందుగది. నా ఇంట్లో నేనెలా కూర్చుంటే నీకెందుకు?"

"ఇంకెక్కడి ఇల్లయ్యా?"

"కోటలో రాజేడీ మరి? ఆయన పడగ్గది అంటూ టికెట్టు పెట్టి మరీ చూపించట్లేదూ?"

ఈ గొడవంతా ఎందుకని కోట చూడ్డానికొచ్చి వెనక సీట్లో కూర్చున్నావిడ ఎడమ తలుపు తీసి, కాలు కింద పెట్టబోయింది. బాబాయ్ గబుక్కున వెనక్కి తిరిగాడు.

"అటు గోడమ్మా! ఇటు దిగండి, గుమ్మం ఇటుంది."