అవ్వకు అప్పజెప్పిన జర్మన్ పాఠం

డిప్లొమా అయిపోయి ఉద్యోగం రాని ఏడాది, ఉదయగిరిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని జర్మన్ నేర్చుకున్నాను. జర్మనీ యంత్రాలతో వచ్చే పుస్తకాలు ఆ భాషలోనే చదవాలని కోరిక. పాఠాలు మద్రాసు నుంచి పోస్టులో వచ్చేవి. అప్పజెప్పించుకోవడానికి అవ్వ తప్ప ఎవరూ లేరు. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. మేకలను అరుపును బట్టి గుర్తుపట్టేది.

కర్మణి ప్రయోగం దగ్గర మేమిద్దరం ఆగిపోయాం.

"దస్ బ్రోట్ విర్ట్ గెబాకెన్."

"అంటే ఏంది రా?"

"రొట్టె కాల్చబడుతుంది."

"ఎవురు కాలుస్తారు?"

"అది చెప్పక్కర్లేదవ్వా. పని జరుగుతుంది, అంతే."

"మనిషి లేకుండా రొట్టె యాడ కాల్తాది? మీ దొరలకు పొయ్యి కాడ కూచునే ఆడోళ్లు కనబడరేమో!"

ఆ నెలలోనే ఆత్మకూరు బడిలో కంటి శిబిరం పెట్టారు. అవ్వ రానంది. నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే, జరగబోయేది వరసగా చెప్పడం. చుక్కలేస్తారు, సూదేస్తారు, పొర తీస్తారు, కట్టు కడతారు.

అంతా విని, "అప్పుడు నా కాడ ఎవురుంటారు?" అంది.

నా వరసలో ఆ సంగతి లేదు. ఆమె భయం సూదికి కాదని అప్పటికి గానీ తెలియలేదు.

"నేనుంటా," అన్నాను.

తీరా ఆత్మకూరు పోతే, ఆపరేషన్ గదిలోకి బయటివాళ్లు రాకూడదన్నారు. అవ్వ గుమ్మం దగ్గర నా చెయ్యి వదల్లేదు.

"మాటిచ్చినావు కదరా."

గుమ్మానికి కట్టిన తెర ఇవతలే నిలబడతానన్నాను.

"నువ్వు నాకు కనబడవు గదా. ఆ రొట్టె పాఠం గెట్టిగా చెప్తా ఉండు," అని లోపలికి పోయింది.

కదలకూడదు, మాట్లాడకూడదు అని డాక్టరు ఆమెకు చెప్పడం వినబడింది. నేను జర్మన్‌లో మొదలుపెట్టాను. రొట్టె, తలుపు, ఉత్తరం అంటూ పాఠం చివరిదాకా పోయి మళ్లీ మొదటికొచ్చాను. వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్లు వింతగా చూశారు. నేను ఆపలేదు.

"కట్టు కట్టేశాం, ఇంక మాట్లాడొచ్చమ్మా," అన్నాడు డాక్టరు. అప్పుడు నేను మళ్లీ రొట్టె దగ్గరే ఉన్నాను.

"ఎవురు కాలుస్తారు రా?" అంది అవ్వ తెర వెనక నుంచి.

"నేనే అవ్వా," అన్నాను. "నేనే కాలుస్తా."