మరిదిగారి చొక్కా

వీధిలో అందరికీ ఆవిడ దర్జీ అక్క. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి మాట తక్కువ. కోపం వస్తే అరవదు, కత్తెర పట్టిన చెయ్యి నెమ్మదిస్తుంది, అంతే. ఎదురు చెప్పడం మొదలుపెట్టిందని చెల్లెల్ని ఆమె భర్త, అంటే అక్కకి మరిది, మానసిక వైద్యశాలలో పెట్టించిన రోజు ఆ చెయ్యి పూర్తిగా ఆగిపోయింది. "ఒకచోట కుదురుగా ఉండదు, ఊరికే అరుస్తుంది" అని డాక్టర్లకి చెప్పాడతను. "నేను బాగానే ఉన్నాను" అని చెల్లెలు మొత్తుకుంటే, "పిచ్చివాళ్లందరూ అదే అంటారు" అని నవ్వాడు. ఆ నవ్వు అక్క మర్చిపోలేదు.

ఇష్టం లేకుండా ఉంచిన రోగి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ముందు విచారణ కోరవచ్చని వార్డు నర్సు చెవిన వేసింది. అక్క చెల్లెలి చేత అడిగించింది. విచారణకి కొత్త చొక్కా కుట్టిపెట్టమని మరిదే సిగ్గులేకుండా వచ్చాడు. గొంతు దాకా గుండీ పెట్టందే గడప దాటని మనిషి. అక్క కాలరూ చంకలూ కాస్త బిగించి కుట్టి, సరిగ్గా బయల్దేరే వేళకి చేతికిచ్చింది.

బోర్డు ముందు అక్క పక్కనే చెల్లెలు కుదురుగా కూర్చుని తన మాట చెప్పుకుంది. మరిది మెడ తిప్పాడు, భుజాలెగరేశాడు, కాలర్లో వేలు దూర్చాడు, చెమటలు కక్కాడు. చివరికి "ముందు నా మాట వినండి!" అని అరిచాడు. బోర్డు పెద్దావిడ కళ్లజోడు తీసి, "మీరు బాగానే ఉన్నారా?" అంది.

"బాగానే ఉన్నానండీ! ఇదంతా ఈ చొక్కా..."

ఆ రోజు అక్క నోట్లో సూదుల్లేవు.

"అందరూ అదే అంటారు, మరిదిగారూ," అంది.